ఐస్‌లాండ్ సొర కథ: విషం, దీపం, విందు

ఐస్‌లాండ్‌లో జనం కుళ్ళిన సొరచేప తింటారని, దాన్ని నెలల తరబడి మట్టిలో పాతిపెడతారని, పైగా మూత్రం పోసి మరీ పాతిపెడతారని ఇంటర్నెట్‌లో ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. వైకింగ్ యోధుల కాలం నుంచి వస్తున్న వీరభోజనమని మరొకరు తగిలిస్తారు. మూత్రం మాట పచ్చి అబద్ధం. పాతిపెట్టే మాట ఒకప్పటి నిజం. కుళ్ళు, వీరత్వం అనే మిగతా రెండు మాటలూ నిజానికి దగ్గరగా వెళ్ళి దారి తప్పాయి.

ఆ తిండి పేరు హాకార్ల్. గ్రీన్‌లాండ్ సొర మాంసాన్ని ముందు పులియబెట్టి, తర్వాత గాలికి ఆరబెట్టి చేస్తారు. మూడు వేరువేరు కథలను ఒకటిగా కలిపేయడం వల్లే దీని చుట్టూ ఇంత గందరగోళం. ఆ మాంసంలోని విషం సంగతి ఒక కథ. అసలు ఆ సొరను ఎందుకు పట్టారన్నది రెండో కథ. ఇవాళ ఎందుకు తింటున్నారన్నది మూడోది, అది చాలామంది అనుకునేదానికంటే బాగా కొత్తది. ఈ మూడింటి ఆనవాళ్ళూ ఒకే ప్రాంగణంలో కనిపించే చోటు బ్యార్నర్‌హోఫ్న్ అనే పల్లెలోని సొర మ్యూజియం.

రాజధాని రేక్యావిక్ నుంచి కారులో రెండు గంటలకు పైగా ప్రయాణిస్తే స్నైఫెల్స్‌నెస్ ద్వీపకల్పపు ఉత్తర తీరం వస్తుంది. స్టికిస్‌హోల్ముర్ అనే రేవు పట్టణం చేరకముందే పడమరకు తిరిగి, లావా గడ్డకట్టిన బండల మధ్య నుంచి సముద్రం వైపు వెళ్ళాలి. నాచు పట్టిన ఆ బండల మైదానానికి ఒక పాత కథ ఉంది. స్వీడన్ నుంచి వచ్చిన ఇద్దరు భీకర యోధుల్లో ఒకడు ఇక్కడి ఆసామి కూతురిని తనకిచ్చి పెళ్ళి చేయమన్నాడట. ఈ లావాలో దారి వేస్తే ఇస్తానని ఆసామి ఒప్పుకున్నాడట. పని పూర్తయ్యాక, అలసిన ఇద్దరినీ ఆవిరి స్నానాల గదిలోకి పంపి అక్కడే చంపాడట. కథ ఎంత నిజమో గాని, బండల మధ్య ఆ కాలిబాట ఇప్పటికీ ఉంది.

దారి చివర పొలం ఇల్లు, బుల్లి చెక్క చర్చి, ఎదురుగా దీవులు చెల్లాచెదురుగా పడి ఉన్న అఖాతం. మ్యూజియం అనగానే పెద్ద భవనం ఊహించుకోనక్కరలేదు. తరాలుగా సొరల పని తెలిసిన ఒక కుటుంబం తన పొలంలోనే నడుపుకుంటున్న ప్రదర్శన ఇది. లోపల పాత సొర వేట పడవ, గుర్రపు నాడాల కంటే లావుపాటి ఇనుప గాలాలు, గొలుసులు, ఎండిన సొర దవడలు, శాండ్‌పేపర్‌లా గరుకుగా ఉండే తోలు ఉంటాయి. ఎవరో ఒకరు నిలబడి అంతా వివరిస్తారు. చివర్లో రుచి చూపిస్తారు. బయట, కాస్త దూరంలో, అసలు పని జరిగే చెక్క పాక ఉంటుంది. హాకార్ల్ గురించి చెప్పడమే కాక ఇంకా చేస్తూ, అమ్ముతూ ఉన్న చోటు కావడమే దీని విలువ.

ముందు విషం సంగతి. సముద్రపు నీరు ఉప్పన కాబట్టి చేప ఒంట్లోని నీటిని ఎప్పుడూ బయటికి లాగుతూ ఉంటుంది. మామూలు చేపలు సముద్రపు నీటినే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపేస్తాయి. సొరలది, వాటి బంధువులైన బల్లపరుపు టేకు చేపలది వేరే పద్ధతి. ఒంట్లో తయారైన యూరియాను పారేయకుండా రక్తంలో, కండలో నిలవ ఉంచుకుంటాయి. దాంతో లోపలి ద్రవాల గాఢత బయటి సముద్రంతో సరిసమానమవుతుంది, నీరు బయటికి పోదు. పొలాల్లో చల్లే యూరియా, ఇదీ రసాయనపరంగా ఒకటే. కాని అంత యూరియా ఉన్నచోట ప్రోటీన్ల ఆకృతి చెదిరిపోవాలి. చెదరకుండా కాపాడేది ట్రైమిథైల్ అమీన్ ఆక్సైడ్ అనే మరో పదార్థం. లోతు నీటి ఒత్తిడి నుంచి ప్రోటీన్లను కాచేది కూడా అదే, అందుకే అది లోతుల్లో బతికే చేపల్లో ఎక్కువ. రెండు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగగలిగే గ్రీన్‌లాండ్ సొర ఒంట్లో అది దండిగా ఉంటుంది.

సొరకు మూత్రపిండాలు లేవు కాబట్టి మూత్రం చర్మం గుండా పోతుందని, అందుకే మాంసం విషమని ఒక వివరణ బాగా ప్రచారంలో ఉంది. యాత్రికులకు కథలు చెప్పేవారి నోట కూడా ఇది వినిపిస్తుంది. అది తప్పు. సొరకు మూత్రపిండాలు ఉన్నాయి, చక్కగా పనిచేస్తాయి కూడా. యూరియాను బయటికి వదలకుండా తిరిగి రక్తంలోకి చేర్చడం వాటి ముఖ్యమైన పనుల్లో ఒకటి.

అయితే తాజా మాంసం తింటే ప్రమాదం మాత్రం నిజమే. ట్రైమిథైల్ అమీన్ ఆక్సైడ్ పేగుల్లోని సూక్ష్మజీవుల చేతిలో పడి ట్రైమిథైల్ అమీన్‌గా మారుతుంది. అది ఎక్కువైతే నాడీ వ్యవస్థ మీద దెబ్బ పడుతుంది. గ్రీన్‌లాండ్‌లో ఈ మాంసం మెక్కిన స్లెడ్జి కుక్కలు తాగినట్టు తూలుతూ, కాళ్ళ మీద నిలబడలేక కూలబడేవి. మనుషులకూ అలాంటి మత్తే ఎక్కేది. దీనికి ట్రైమిథైల్ అమీనే కారణమై ఉండవచ్చని 1991లో డెన్మార్క్ పరిశోధకులు వాదించారు. చాలాచోట్ల విషం నేరం యూరియా మీద మోపుతారు గాని, ఆ మత్తుకు అసలు అనుమానితురాలు యూరియా కాదు.

ఇక్కడ ఇంకో అపార్థానికి తావుంది. సొరలన్నీ ఇలాంటివే అయితే మన తీరంలో పాలసొర ఎలా తింటున్నారు? బాలింతలకు పాలు పడతాయని ఏరికోరి కొని, ఉడికించి, తోలు తీసి, నీళ్ళు పిండేసి, పొడిపొడిగా వేయించి పెట్టే ఇళ్ళు కోస్తాలో ఎన్నో. పాలసొర చిన్నది, తీరానికి దగ్గర్లో తిరిగేది, గ్రీన్‌లాండ్ సొరలా లోతుల్లో బతికేది కాదు. పైగా ఉడికించి పిండడంలోనే చాలా యూరియా నీళ్ళతో పోతుంది. గ్రీన్‌లాండ్‌లోనూ నీళ్ళు మార్చి మార్చి ఉడికించి తినే పద్ధతి ఉండేది. ఐస్‌లాండ్ వారు పొయ్యి మీద కాకుండా వేరే దారిలో అదే పని సాధించారు.

పాత పద్ధతిలో తల, పేగులు తీసేసిన సొరను పెద్ద ముక్కలుగా కోసి, ఒడ్డున గులకరాళ్ళ నేలలో తీసిన లోతు లేని గుంటలో పేర్చేవారు. పైన ఇసుక, గులక కప్పి బండరాళ్ళు పెట్టేవారు. బరువుకు లోపలి ద్రవమంతా రాళ్ళ సందుల్లోంచి కిందికి దిగిపోయేది. ఎండాకాలమైతే ఆరేడు వారాలు, చలికాలమైతే ఇంకా ఎక్కువ. ఇప్పుడు గుంటలు పోయి, అడుగున కన్నాలున్న పెట్టెలు వచ్చాయి. పని అదే: మూసి ఉంచడం, ఒత్తడం, కారనివ్వడం.

ఆ వారాల్లో లోపల జరిగేది మనకు అలవాటైన పులుపు వ్యవహారం కాదు. ఇడ్లీ పిండి పులిసినా, పాలు తోడుకున్నా సూక్ష్మజీవులు చక్కెరలను తిని ఆమ్లం తయారుచేస్తాయి, ఆ పులుపే చెడగొట్టే క్రిములను దూరంగా ఉంచుతుంది. సొర కండలో అందుకు తగినంత పిండిపదార్థం లేదు. ఉన్నది యూరియా. దాన్ని విరగ్గొట్టే ఎంజైమున్న బ్యాక్టీరియా చేరి అమ్మోనియాను పుట్టిస్తుంది. మాంసం పులుపు వైపు కాక క్షారం వైపు జరుగుతుంది. కాపలా కాసేది ఇక్కడ ఆ క్షారమే. ఉప్పు గింజ వేయకుండానే మాంసం నిలవ ఉండటంలోని కిటుకు ఇది. మూత్రం పోస్తారన్న పుకారు పుట్టింది కూడా ఈ అమ్మోనియా వాసన నుంచే. ఘాటు ఎవరో పోస్తే వచ్చింది కాదు, చేప తనతో తెచ్చుకున్నదే.

కాబట్టి కుళ్ళు అనాలా, పులియడం అనాలా? కుళ్ళడంలో ఏ క్రిమి గెలుస్తుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఇక్కడ చల్లటి వాతావరణం, నీరు కారిపోవడం, పెరిగే క్షారత కలిసి కొన్ని జీవులకే చోటు మిగులుస్తాయి. 2019లో ఇటలీ పరిశోధకులు హాకార్ల్‌లోని జీవజాలాన్ని జన్యు పద్ధతుల్లో పరిశీలిస్తే టిస్సియరెల్లా అనే బ్యాక్టీరియా జాతి ప్రముఖంగా కనిపించింది, దానితోపాటు రకరకాల ఈస్టులు కూడా. దీన్ని పులియబెట్టిన ఆహారం అనడమే న్యాయం. ఇలా క్షారం వైపు పులిసేవి ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. దక్షిణ కొరియాలోని హోంగో, అంటే పులియబెట్టిన టేకు చేప, దీనికి సొంత చెల్లెలు. ఎప్పుడూ దీనితో కలిపి చెప్పే స్వీడన్ సుర్‌స్ట్రోమింగ్ మాత్రం దూరపు బంధువే: అది హెర్రింగ్ చేప, ఉప్పు నీళ్ళలో పులుస్తుంది, డబ్బాలో ఉబ్బుతుంది.

పెట్టెలోంచి తీసిన మాంసం అప్పుడే తినడానికి పనికిరాదు. పాక పని ఇక్కడ మొదలవుతుంది. పైన కప్పు ఉంటుంది, గోడలు మాత్రం సందులు వదిలి కొట్టిన చెక్కలు. వాన పడకూడదు, గాలి ఆడాలి. దూలాలకు వేలాడే ముక్కలు ఒక్కొక్కటి మోచేతి పొడవున ఉంటాయి. పైన ముదురు గోధుమ రంగు పెచ్చు గట్టిపడి, పాత తోలు సంచిలా మడతలు పడి ఉంటుంది. కోసిన చోట మాత్రం లోపల పాలిపోయిన పసుపు. ఇక్కడ మూడు నాలుగు నెలలు, ఒక్కోసారి ఐదు నెలలు వేలాడతాయి. తేమ పోతుంది, అమ్మోనియా కొంత, ట్రైమిథైల్ అమీన్ కొంత గాలిలో కలిసిపోతాయి. పొట్ట భాగం ఎర్రగా, నమిలేకొద్దీ సాగేలా తయారవుతుంది. వీపు భాగం తెల్లగా, జున్నులా మెత్తగా ఉంటుంది. రెంటికీ వేరువేరు పేర్లు, వేరువేరు అభిమానులు. పెచ్చు చెక్కేసి లోపలిది ముక్కలు చేస్తారు. ఎన్నాళ్ళు చాలో గడియారం చెప్పదు. గాలి, చలి, ముక్క మందం చూసి, వాసన పట్టి, వేలితో నొక్కి చేసేవారే తేల్చుకుంటారు. కడుపు తిప్పే తిండి అని నవ్వేవారు ఈ పాక ముందు కాసేపు నిలబడితే ఇందులో ఎంత పనితనం ఉందో తెలుస్తుంది.

ఇంత శ్రమ ఎందుకు పడ్డారంటే, మాంసం కోసం కాదు. సొర వేట పెద్ద వ్యాపారంగా సాగింది కాలేయం కోసం. గ్రీన్‌లాండ్ సొర కాలేయం పెద్దది, నూనెతో నిండి ఉంటుంది. పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో ఆ నూనె పీపాల్లోకెక్కి యూరప్‌కు వెళ్ళేది, అక్కడ నగరాల్లో దీపాలు వెలిగించేది. మ్యూజియంలోని పడవ, గాలాలు, గొలుసులు ఆ కాలానివి. తాడును సొర కొరికేస్తుంది కాబట్టి గాలానికి పైన గొలుసు. ఎరగా గుర్రపు మాంసం, సీలు కొవ్వు. వేట శీతాకాలంలో, చాలాకాలం పాటు పై కప్పు లేని పడవల్లో, ఒక్కోసారి రోజుల తరబడి. ఎన్ని పడవలు తిరిగి రాలేదో ఐస్‌లాండ్ తీర గ్రామాల చరిత్ర చదివితే తెలుస్తుంది. ఆ పడవల మీద ఆసక్తి పుడితే, వాయవ్యాన రేకిర్ అనే చోట ఉన్న మ్యూజియం కూడా చూడాలి. 1875లో కొట్టుకొచ్చిన దుంగలతో కట్టి, 1915 దాకా సొర వేటకు వాడిన ఓఫేగుర్ అనే పడవ అక్కడ ఉంది. ఐస్‌లాండ్‌లో పడవకు పనికొచ్చే చెట్లు లేవు. సైబీరియా నదులు సముద్రంలోకి తోసిన దుంగలు కొట్టుకొచ్చి ఆ తీరాన చేరేవి.

కాలేయం వ్యాపారానికి పోగా మిగిలిన కండ తీరవాసులది. తాజాగా తినలేరు, పారేయడానికి మనసు రాదు. ఉప్పు పట్టించి నిలవ చేద్దామంటే ఉప్పే కరువు. సముద్రపు నీటిని ఆరబెట్టడానికి ఎండ లేదు, మరగబెట్టడానికి కట్టెలు లేవు. దిగుమతి చేసుకుందామంటే 1602 నుంచి 1787 దాకా డెన్మార్క్ గుత్తాధిపత్యం వల్ల వ్యాపారమంతా ఆ రాజు అనుమతించిన వర్తకుల చేతుల్లోనే ఉండేది. అందుకే ఐస్‌లాండ్ పాత వంటలో ఉప్పు ఊరగాయల మాట తక్కువ. గాలికి ఎండబెట్టిన కాడ్ చేప, పులిసిన పాల విరుగుడు తేటలో ఊరబెట్టిన మాంసం, ఎండిన గొర్రె పెంట పొగ పట్టించిన మాంసం, గుంటలో పులిసిన సొర: అన్నీ ఉప్పు లేని ఇంటి ఉపాయాలే. కిరసనాయిలు రావడంతో సొర నూనెకు గిరాకీ పడిపోయింది, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వేట దాదాపు ఆగింది. దానితోపాటు హాకార్ల్ కూడా మాసిపోవలసింది.

మాసిపోకపోవడానికి కారణం మూడో కథ. శీతాకాలం నడుమ వచ్చే పాత నెల పేరు థోర్రి. అది జనవరి 19, 25 తేదీల మధ్య వచ్చే శుక్రవారం నాడు మొదలవుతుంది. ఆ నెలలో చేసుకునే థోర్రబ్లోట్ విందును వైకింగుల నాటి ఆచారంగా చూపిస్తారు. పాత గ్రంథాల్లో అలాంటి పేరు ఉన్న మాట నిజమే. కాని ఇప్పటి విందు వేళ్ళు పందొమ్మిదో శతాబ్దపు జాతీయోద్యమంలో ఉన్నాయి. డెన్మార్క్ పాలన కింద, కోపెన్‌హాగన్‌లో చదువుకుంటున్న ఐస్‌లాండ్ విద్యార్థులు 1873లో దాన్ని జరుపుకున్నారు. సొర ముక్క, ఊరబెట్టిన పొట్టేలు వృషణాలు, కాల్చిన గొర్రె తల ఒకే పళ్ళెంలో పెట్టి పాతకాలపు విందు అని వడ్డించే అలవాటు ఇంకా చిన్నది. 1958లో రేక్యావిక్‌లోని నౌస్తిద్ అనే రెస్టారెంటు దాన్ని ప్రాచుర్యంలోకి తెచ్చింది. అప్పటికి జనం పల్లెల నుంచి పట్నానికి వలస వచ్చేశారు, ఇళ్ళలో ఫ్రిజ్‌లు వచ్చేస్తున్నాయి. రోజువారీ అవసరం తీరిపోయిన తిండి సంవత్సరానికొకసారి గుర్తు చేసుకునే తిండి అయింది. వీరభోజనం అన్న పేరు అక్కడ అంటుకున్నదే. దీన్ని మోసమని నేను అనను. అన్ని సంప్రదాయాలూ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు మొదలుపెట్టినవే, దీని విషయంలో సంవత్సరం కూడా తెలుస్తుంది, అంతే తేడా.

నిజంగా ఇంటింటి వ్యవహారం చూడాలంటే సొర కంటే టేకు చేపను చూడాలి. డిసెంబరు 23 బిషప్ థోర్లాకుర్ దినం. ఆయన 1193లో అదే రోజున మరణించాడు. క్యాథలిక్ కాలంలో క్రిస్మస్‌కు ముందు మాంసం మానే రోజులవి. పడమటి ఫ్యోర్డుల, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల, ప్రాంతంలో ఆనాడు పులిసిన టేకు చేప తినే అలవాటు స్థిరపడి, ఇరవయ్యో శతాబ్దంలో దేశమంతా పాకింది. ఉడికించిన చేప, బంగాళాదుంప, పైన కరిగిన గొర్రె కొవ్వు. ఆ చేపకూ యూరియాయే మూలం, ఆ ఘాటూ అమ్మోనియాదే. కాకపోతే దీన్ని వేడివేడిగా ఉడికిస్తారు కాబట్టి వాసన ఇల్లంతా కమ్మి, పక్కింటికీ చేరుతుంది. అపార్ట్‌మెంట్లలో ఇరుగుపొరుగులకు ఏటా ఇదో తగాదా. ఆ పోరు పడలేక చాలామంది ఆ రోజు రెస్టారెంటుకు వెళ్ళి తినేసి వస్తారు.

మళ్ళీ మ్యూజియానికి వస్తే, రుచి చూపించే బల్ల దగ్గర పంటిపుల్లకు గుచ్చిన చిన్న తెల్ల ముక్కలు, పక్కన నల్లటి రై రొట్టె ముక్కలు ఉంటాయి. ముక్క నోటి దగ్గరికి తెచ్చేసరికి ముక్కుపుటాలు భగ్గుమంటాయి. భయపడేది ఆ క్షణం గురించే. నోట్లో పెట్టాక మొదట కాస్త తియ్యదనం, బాగా మాగిన చీజ్ లాంటి కమ్మదనం, నమిలేకొద్దీ చేప రుచి తెలుస్తాయి. మింగాక అమ్మోనియా గొంతు వెనక నుంచి మళ్ళీ ముక్కులోకి ఎక్కుతుంది. నా మట్టుకు ఇది భరించలేనిది కాదు, రెండో ముక్క అడిగేదీ కాదు. ప్రపంచమంతా తిరిగి తిన్న అమెరికా వంటవాడు ఆంథొనీ బోర్డెయిన్ తన జీవితంలో తిన్న అతి చెత్త తిండి ఇదేనన్నాడు. ఆ మాట అతికించుకునే చాలామంది యాత్రికులు ముందే మొహం చిట్లించి తింటారు. పిల్లలు మాత్రం కొందరు ఏమీ అనుకోకుండా నమిలేస్తారు. పక్కన తాగే బ్రెన్నివిన్ సోంపు జాతి గింజల వాసన వేసే ఘాటు సారాయి. దాంతో కడిగితే ముక్కులోని ఘాటు కొంత సర్దుకుంటుంది. కారు నడపాల్సినవారు రొట్టెతో సరిపెట్టుకోవాలి, ఐస్‌లాండ్ చట్టం ఆ విషయంలో గట్టిది.

అన్నీ అయ్యాక మిగిలే చిక్కు ఒకటుంది, అది తేలికగా విడదు. గ్రీన్‌లాండ్ సొర ఏడాదికి ఒక సెంటీమీటరు కూడా పెరగదు. 2016లో ఒక పరిశోధక బృందం 28 ఆడ సొరల కంటి కటకాల్లోని కార్బన్‌ను పరీక్షించి వాటి వయసు లెక్కగట్టింది. కంటి కటకం మధ్య భాగం పుట్టుకకు ముందే తయారై మళ్ళీ మారదు కాబట్టి అక్కడి కార్బన్ పుట్టిన కాలాన్ని చెబుతుంది. ఐదు మీటర్ల పొడవున్న అన్నిటికంటే పెద్ద సొర వయసు 392 ఏళ్ళు, అటూ ఇటూ 120 ఏళ్ళు తేడా ఉండవచ్చని తేలింది. అంటే తక్కువలో తక్కువ 272. ఆడ సొర పిల్లల్ని కనే ఈడుకు రావడానికే సుమారు 150 ఏళ్ళు. ఇలాంటి జీవి సంఖ్య ఒకసారి పడిపోతే ఎన్ని తరాల మనుషులకు కోలుకుంటుందో ఊహించడం కష్టం. 2020లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని ముప్పు ఉన్న జాతుల్లో చేర్చింది.

బ్యార్నర్‌హోఫ్న్ వారు సొరల కోసం వేటకు వెళ్ళరు. వేరే చేపల కోసం వేసిన వలల్లో చిక్కినవే వారి దగ్గరికి వస్తాయి. ఎలాగూ చనిపోయిన సొరను సముద్రంలో పారేయడం కంటే తినడం మేలని వారి వాదన, అందులో న్యాయం ఉంది. కొనేవారు ఉన్నంతకాలం బతికున్న సొరను వల నుంచి విడిపించే ఓపిక ఎవరికి ఉంటుందన్నది ఎదుటి వాదన, అందులోనూ న్యాయం ఉంది. నన్నడిగితే సొరకు చేటు పాకలో వేలాడే ముక్కల వల్ల కాదు, సముద్రపు అడుగు దాకా దేవే వలల వల్ల. 2022లో వాయవ్య అట్లాంటిక్ మత్స్య సంస్థ తన పరిధిలోని అంతర్జాతీయ జలాల్లో గ్రీన్‌లాండ్ సొర చిక్కితే ఓడలో ఉంచుకోకూడదని నిర్ణయించింది. ఐస్‌లాండ్ తీరం ఆ పరిధిలోకి రాదు. అలాంటి నిబంధన అక్కడికీ వస్తే హాకార్ల్ చేసేవారికి సరుకు బాగా తగ్గిపోతుంది. అయినా పండుగ పూట ఒక్కొక్కరు తినేది పంటిపుల్లకు పట్టేంత ముక్క, సొర బరువు మాత్రం వందల కిలోల్లో. వేటకు వెళ్ళకుండా, వలలో ప్రాణం పోయి దొరికిన ఏ కొన్నింటితోనో జనవరి విందు గడిచిపోతుంది.